బేసిన్ కింద పచ్చిపట్టు

మీ ఇంట్లో చేతులు కడుక్కునే బేసిన్ కిందికి ఒకసారి వంగి చూడండి. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి మెలికలు తిరిగి గోడలోకి పోయి ఉంటుంది. బేసిన్ మూతి ఒకచోట, గోడలో రంధ్రం ఇంకోచోట ఉన్నా దానికి బాధ లేదు. ఎటు వంచితే అటు వంగుతుంది. మొన్న మా ఇంట్లో ఒకతను కొత్త బేసిన్ బిగించి, ఆ గొట్టాన్ని రెండు చేతులతో సాగదీసి గోడలోకి దూర్చి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. కొలత లేదు, పాడూ లేదు. నేను కుర్చీలో కూర్చుని చూస్తూ నోరు మెదపలేదు. మెదపలేదంటే మా ఆవిడ నమ్మదు గానీ నిజంగానే మెదపలేదు.

మేము పని చేసిన రోజుల్లో గొట్టాలు ఇనుమువి, ఇత్తడివి, లేదంటే సీసపువి. వాటికి మర్యాద చేసే గుణం లేదు. రెండు మూతులు ఎదురెదురుగా వస్తే సరి, రాకపోతే ఆ పూట మన పని అయిపోయినట్టే. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, మీ కాలంలో బాగా కష్టమైన పని ఏదని అడుగుతుంటారు. పెద్ద నీళ్ళ ట్యాంకు గురించో, కొండ మీదికి పైపులు మోసిన సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. నేను ధర్మవరంలో ఒక బేసిన్ కింద కాలువ గొట్టం సరిచేసిన రోజు గురించి చెబుతాను. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు.

అది అరవైల మొదట్లో మాట. హిందూపురంలో ఒక మేస్త్రి దగ్గర నేను రెండో ఫిట్టరుగా ఉండేవాణ్ణి. అప్పటికే నాకు పెళ్ళై, పిల్లలున్నారు. మేస్త్రి బెంగుళూరులో పని నేర్చుకుని వచ్చిన మనిషి. భారీ ఒళ్ళు, పెద్ద గొంతు. నోట్లో బీడీ, బీడీ లేనప్పుడు దగ్గు. ఆయన దగ్గితే షెడ్డులో రేకులు అదిరేవి. ఏ పని ముగించినా కన్నడంలో "ఆయ్తు" అనేవాడు. ఆ మాట అన్నాక ఆ పని అయిపోయినట్టే. దేవుడు దిగి వచ్చి లోపం చూపించినా మళ్ళీ ముట్టుకునేవాడు కాదు. మంచివాడే, కానీ మొండి. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పనులు ఎన్నో, పళ్ళు నూరుకున్న రోజులూ అన్నే.

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి చీరలు అమ్ముకోవడానికి తరచూ బెంగుళూరు వెళ్ళేవాడు. అక్కడ లాడ్జిలో బేసిన్ చూసి మనసు పారేసుకున్నాడు. "నిలబడి మొగం కడుక్కుంటే ఎంత సుఖమప్పా! ముసిలోల్ల మాదిరి కూకోని చెంబుతో కడుక్కునే కర్మ మనకేంటికి?" అని తన ఇంట్లో ఒకటి పెట్టమన్నాడు. ఆ ఇంటికి కొళాయి లేదు. మిద్దె మీద ఒక తొట్టి కట్టించి, బావి నీళ్ళు మోయించి నింపించాడు. నిలబడి మొగం కడుక్కునే సుఖం కోసం ఇంకొకరు మెట్లెక్కి నీళ్ళు మోయాలన్నమాట. సరే, అది మాకెందుకు.

స్నానాల గదికి, దాని వెనక గదికి మధ్య రాళ్ళు, మట్టితో కట్టిన పాత మందపాటి గోడ ఒకటుంది. బేసిన్ ఆ గోడకే బిగించాలి. మురికినీళ్ళ గొట్టం గోడలోకి పోయి, లోపలే మలుపు తిరిగి, వీధి కాలువలో కలవాలి. మేము పోయేసరికి గోడను తొలిచి లోపలి గొట్టం పెట్టే పని ఊరి తాపీమేస్త్రి చేసేశాడు. కానీ ఆ గొట్టం మూతి బేసిన్‌కు సూటిగా లేదు. జానెడు పక్కకు ఉంది. బేసిన్‌ను జరుపుదామంటే ఒక పక్క కిటికీ, ఇంకో పక్క బెంగుళూరు నుంచి తెచ్చి బిగించిన నిలువుటద్దం. అద్దం కదపడానికి ఆయన ఒప్పుకోలేదు.

తాపీమేస్త్రికి కొలత రాక కాదు. గోడ అవతలి గదిలో ఒక మగ్గం ఉంది. పట్టుమగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేసేవాళ్ళు గుంతలో కాళ్ళు పెట్టుకుని నేల మీద కూర్చుంటారు. వాళ్ళ ముందు పడుగు, అంటే చీరకు నిలువు పోగులన్నీ, గది పొడవునా సాగి ఉంటాయి. ఆ చివర పోగులన్నిటినీ కలిపి ఒక తాడుకు కట్టి, ఆ తాడును గోడలో దిగ్గొట్టిన కొయ్య గూటానికి బిగిస్తారు. ఆ బిగువు మీదే గుడ్డ నడుస్తుంది. బేసిన్‌కు సూటిగా గోడను తొలిస్తే సరిగ్గా అవతల ఆ గూటం దగ్గర తేలుతుంది. అందుకని అతను జానెడు పక్కకు పోయాడు.

ఆ మగ్గం వ్యాపారి చెల్లెలిది. ముప్పై దాటిన మనిషి. భర్త పోయాక అన్న ఇంటికి వచ్చింది. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు పోగులను కండెలుగా చుట్టేవాళ్ళు, పట్టు ఉడకబెట్టేవాళ్ళు; గుంతలో దిగి నేసేది మగవాళ్ళు. ఈమె భర్త పక్కన కూర్చుని నేత నేర్చుకుంది. తనకొక పడుగు ఇమ్మని, ఊళ్ళో నేసేవాళ్ళకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారును ఎన్నాళ్ళో అడిగితే, ఆయన చివరికి ఒకటి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయన అన్న మాట ఆమే మాకు చెప్పింది.

"ఒక్క పడుగు ఇస్తా. ఎవురిదో పెండ్లిచీర. బాగా వస్తే చూద్దాం. చెడిపోతే మల్లా నా గడప తొక్కొద్దు, మీ అన్నకు కండెలు చుట్టుకుంటా ఉండు అన్నాడన్నా."

ఊళ్ళో ఆ సావుకారు కాదంటే ఇంకెవరూ ఆడమనిషికి పడుగు ఇవ్వరు. అన్నకు ఇది మొదటి నుంచీ ఇష్టం లేదు. చీర చెడిపోతే బాగుండునని ఆయన కోరుకున్నాడని నేననను. చెడిపోతే ఏడ్చేవాడు కూడా కాదు.

ఇక మా పని. జానెడు తేడా ఉన్న రెండు మూతులను కలపాలి. వంపు గొట్టం ఒకటి చేసుకుని మళ్ళీ వద్దామన్నాను. మేస్త్రి బీడీ పక్కన పెట్టి, ఇనుప గొట్టాన్ని బలంగా ఏటవాలుగా లాగి, "వస్తాది రాప్పా, పట్టు" అన్నాడు. పట్టాను. వచ్చింది. మరలు కాస్త వంకరగా ఎక్కాయి. రెండు గొట్టాలు కలిసే కీలు గోడ లోపలికి నాలుగు వేళ్ళ లోతులో ఉండడంతో ఆ వంకర బయటికి కనిపించదు. మరల మీద జనపనార చుట్టి, తెల్లటి సఫేదా ముద్ద పూసి బిగిస్తే ఏ సందైనా మూసుకుంటుందని ఆయన ధైర్యం. తీరా ఆయన సంచిలో చెయ్యి పెడితే నార లేదు.

వాకిట్లో కండెలు చుట్టుకుంటున్న ఆమె తల ఎత్తింది. "ఏమన్నా, ఏం ఎతుకుతాండావు?"

"నారమ్మా. హిందూపురంలోనే మర్చిపోయినట్టుండాది."

"నార ఏంటికి?"

"మరకు చుట్టల్ల. నీళ్ళు తగిలితే ఉబ్బి సందు మూసుకుంటాది."

ఆమె లోపలికి వెళ్ళి, తెగిన పోగులు ఒక పిడికెడు తెచ్చింది. "ఇది పనికొస్తాదేమో చూడన్నా. పచ్చిపట్టు. నార కంటే గట్టిది. లాగి చూడు, తెగితే అడుగు."

మేస్త్రి లాగి చూశాడు. తెగలేదు. బిరుసుగా, జిగురుగా, మరకు చక్కగా అంటుకుంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏమప్పా, చూసినావా! మహారాజులకు గూడా ఈ యోగం లేదు. మురికినీళ్ళ గొట్టానికి పట్టు చుడతాండాం!" అన్నాడు. బిగించి, చెంబుల కొద్దీ నీళ్ళు పోసి చూశాం. చుక్క కారలేదు. "ఆయ్తు" అన్నాడు. ఆ రాత్రి బండికే హిందూపురం వచ్చేశాం.

కొన్నాళ్ళకు పెనుకొండలో ప్రయాణికుల బంగళా పనిలో ఉన్నాం. ధర్మవరం నుంచి వచ్చిన ప్యాసింజరు గార్డు స్టేషన్‌లో చెప్పాడట, స్టేషన్ నుంచి పోర్టరు మా దగ్గరికి వచ్చాడు. "మేస్త్రీ, ధర్మవరంలో గోడ ఏడుస్తాందంట. నిన్ను బిరీన రమ్మన్నారు" అన్నాడు.

"ఏ గోడ?" అన్నాడు మేస్త్రి, తెలిసే.

"నాకేం తెలుసప్పా? పట్టుచీరలాయన ఇల్లంట. ఆడమనిషి చెప్పి పంపిందంట."

మేస్త్రి రెంచి కింద పెట్టాడు. "నా జాయింటు కారదప్పా. తొట్టి కారతాండాదేమో" అన్నాడు. బంగళా పనికి మేము తెచ్చుకున్న సామాన్లలో మిగిలిన సీసపు గొట్టం ముక్క ఒకటి సంచిలో వేసుకున్నాను. పిడికెడు నార కూడా. అదెందుకని ఆయన అడగలేదు. ధర్మవరం దాకా ఒక్క బీడీ కూడా ముట్టించలేదు.

వ్యాపారి బెంగుళూరు వెళ్ళి ఉన్నాడు. ఆమె మగ్గం గుంతలో కూర్చుని నేస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆపలేదు, గడ్డంతో గోడ వైపు చూపించింది. గూటం చుట్టూ గోడ నల్లబడి ఉంది. వేలు పెడితే మట్టి మెత్తగా దిగుతోంది. గూటం దిగిన చోటే నీరు పట్టింది.

"పొద్దున గూటం కదిలిందన్నా" అంది. "సాయంత్రం సావుకారు చీర చూడను వస్తాడు. ఇంక కొంగు కొస ఒక్కటే ఉండాది. గోడను కొట్టొద్దు. ఒక్క దెబ్బ కొట్టినా గూటం ఊడొస్తాది."

గోడను కొట్టకుండా గోడలోని గొట్టం సరిచేయాలి. మేస్త్రి ఆ గదిలోనే గోడను తడుముతూ నిలబడ్డాడు. నేను ఇవతలికి వచ్చి, బేసిన్ కింద పడుకుని, కీలు నెమ్మదిగా విప్పాను. విప్పడానికి బలమే అక్కర్లేకపోయింది. మరకు చుట్టిన పట్టు వేలికి తగలగానే జారి వచ్చేసింది. బిరుసు లేదు, జిగురు లేదు. మెత్తగా, నిగనిగలాడుతోంది. నాకేమీ అర్థం కాలేదు. తీసుకెళ్ళి ఆమెకు చూపించాను.

ఆమె రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. ముఖం పాలిపోయింది. "ఇది ఉడికిన పట్టు" అంది.

"ఎవురు ఉడకేసినారు, గొట్టంలో?" అన్నాడు మేస్త్రి.

"నేనే. ఈ వానలకు పెరట్లో పొయ్యి అంటుకోలేదు. లోపల ఉడకేసినా. ఆ సబ్బునీళ్ళు, సోడానీళ్ళు కాగినవి కాగినట్టే బేసిన్‌లో పారబోసినా. ఒగసారి గాదు, రోజూ. ఎంత సులువుగా పోతాండాయి అనుకుంటి." ఆమె గొంతు తగ్గింది. "పచ్చిపట్టుకు జిగురుంటాదన్నా. వేడి సబ్బునీళ్ళకు ఆ జిగురంతా పోతాది. మేం ఉడకేసేదే అందుకు. అది ఇచ్చేటప్పుడు నాకు తోచలే."

అప్పుడు నాకు అంతా తెలిసింది. ఏటవాలుగా లాగి బిగించిన గొట్టం తన చోటికి తాను పోవాలని చూస్తూనే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచింది ఆ పోగుల జిగురే. జిగురు పోయాక గొట్టం జరిగింది, సందు పడింది, నీళ్ళన్నీ గోడ తాగింది. నార అయితే సబ్బునీళ్ళకు ఉబ్బేదే గానీ జారేది కాదు.

మేస్త్రి ఆ పోగులను తానూ వేళ్ళతో నలిపి చూశాడు. తరువాత, "నేను వంకర పెడితి, నువ్వు సబ్బునీళ్ళు పోస్తివి. ఇద్దరం కలిసి ఏడిపించినాం గోడను" అన్నాడు. ఆమె నవ్వలేదు. నవ్వే స్థితిలో ఎవరూ లేరు. ఆ మాట అంటూ ఆయన గూటం మీద చెయ్యి వేశాడు, ఎంత కదులుతుందో చూద్దామని.

గూటం గోడలోంచి మెల్లగా జారింది.

"అన్నా!" అని ఆమె ఒక్క కేక పెట్టింది. మేస్త్రి ఆలోచించలేదు. తాడును రెండు చేతులతో ఒడిసి పట్టుకుని, అక్కడే నేల మీద చతికిలబడి, నడుము చుట్టూ తిప్పుకున్నాడు. పడుగు ఒకసారి వణికి ఆగింది. నేను పరుగున పోయి పెరట్లో రోలు దొర్లించుకొచ్చి ఆయన కాళ్ళకు అడ్డం పెట్టాను. కాళ్ళు రోటికి తన్నిపెట్టి ఆయన వెనక్కి వాలాడు.

"తాడు రోటికి కట్టేద్దామా?" అన్నాను.

"కట్టాలంటే వదలాల. వదిల్తే పోగులన్నీ ముడుచుకుంటాయి. మల్లా సాగదీసేటప్పుడు ఎన్ని తెగుతాయో దేవునికే తెలుసు" అంది ఆమె. తరువాత మేస్త్రి వంక చూసింది. "అన్నా, కొంగు కొస అయ్యేదంక పట్టుకుంటావా?"

"నువ్వు నెయ్యమ్మా" అన్నాడు. "నేను గూటం. గూటానికి మాటలేంటికి?"

ఆమె అడ్డపోగును అటూ ఇటూ దూర్చే నాడె అందుకుంది. నేసే కొద్దీ గుడ్డను ముందుకు చుట్టుకోవాలి, చుట్టుకునేటప్పుడల్లా వెనక తాడు కొంచెం వదలాలి. "చిటికెడు వదులన్నా" అంటే ఆయన చిటికెడు వదిలేవాడు. "సాలు" అంటే ఆగేవాడు. ఆయన్ని ఎవరైనా ఆగమంటే ఆగడం నేను అదే మొదటిసారి చూడడం.

నా పని నాకుంది. సీసపు గొట్టం నిండా ఇసుక పోసి, రెండు మూతులూ కొయ్య ముక్కలతో మూశాను. ఇసుక లేకుంటే వంచినచోట సీసం చదునైపోతుంది. బొగ్గుల మీద వెచ్చచేసి, మోకాలి మీద తడి గోనె వేసుకుని, ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచాను. తీసుకెళ్ళి పెట్టి చూడడం, మళ్ళీ తెచ్చి కొంచెం వంచడం. తొందరపడితే సీసం చీలుతుంది. ఇంకో ముక్క తేవాలంటే పెనుకొండ పోవాలి. వంచే ముందు ప్రతిసారీ రెండుసార్లు కొలిచి చూసుకున్నాను. ఒక బేసిన్ గొట్టం కోసం అంత భయపడతానని ఎవరైనా ముందు చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

చివరికి రెండు మూతులూ ఎదురెదురుగా నిలిచాయి. లాగలేదు, నెట్టలేదు. ఒక్క వేలితో తోస్తే గొట్టం వెళ్ళి కూర్చుంది. పని సరిగ్గా ఉందనడానికి నాకు తెలిసిన గుర్తు అదొక్కటే. ప్లాస్టిక్ గొట్టాల పిల్లలకు కూడా అదే చెబుతుంటాను, వింటే విన్నారు.

నార చుట్టి, సఫేదా పూసి బిగిస్తుండగా గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది. ఒక్కటే. నొక్కిపెట్టిన దగ్గు. మగ్గం చప్పుడు ఆగింది. నేను రెంచి పట్టుకుని అలాగే ఉండిపోయాను. కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలైంది.

పని ముగించి, నీళ్ళు పోసి, కీలు కింద చెయ్యి పెట్టి పొడిగా ఉందని చూసుకుని ఆ గదిలోకి వెళ్ళాను. మేస్త్రి ముఖం కందిపోయి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. ఇంకో దగ్గు గొంతులో పట్టి పెట్టుకుని ఉన్నాడు. తాడు ఇవ్వమని చెయ్యి చాపితే వద్దని కళ్ళతోనే చెప్పాడు. చేతులు మారితే బిగువు మారుతుందని ఆయన భయం.

సావుకారు అప్పుడే వచ్చాడు. సన్నటి ముసలాయన, పైపంచె, కళ్ళజోడు. గడపలో నిలబడి గోడలోని బొక్కను చూశాడు, రోలును చూశాడు, పడుగుకు కట్టి ఉన్న లావాటి మనిషిని చూశాడు. మగ్గం దగ్గరికి వచ్చి వంగి, నేసిన గుడ్డ మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. సన్నటి అడ్డగీత ఉన్నచోట వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే ఆగింది.

"ఈడ ఏమైంది?"

ఆమె నాడె ఆపింది. అబద్ధం చెప్పొచ్చు. పోగు తెగిందనొచ్చు, పోగులను ఒత్తే పన్నె పట్టుకుందనొచ్చు. నేనైతే చెప్పేవాణ్ణి.

"ఆ అన్న దగ్గినాడు" అంది.

"ఈయనెవురు?"

"బేసిన్ మేస్త్రి. గోడ తడిసి గూటం ఊడిపోయింది. పడుగు పడిపోకుండా పట్టుకున్నాడు. మద్యానం నుంచి పట్టుకోనే ఉండాడు. నేను నేస్తానే ఉండా."

"ఎన్నిసార్లు దగ్గినాడు?"

"ఒక్కసారే."

సావుకారు మేస్త్రి ముఖం వంక చూశాడు. ఆ ఎర్రటి కళ్ళూ, బిగపట్టిన దవడలూ చూశాడు. పైపంచె తీసి కొయ్యకు తగిలించాడు. వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుని, తాడు మీద చెయ్యి వేశాడు.

"జరుగప్పా. తాడు వదలాకు, నా నడుముకు మార్చు. మెల్లగా. లాగొద్దు, ఊరికే పట్టుకుంటే సాలు." పడుగు కదలకుండా తాడు ఒక నడుము నుంచి ఇంకో నడుముకు మారింది. ఆయన ఒకప్పుడు నేసిన మనిషని నాకు అప్పుడే తెలిసింది. "కానీ తల్లీ" అన్నాడు.

ఆమె కదల్లేదు. "మామా, ఆ గీత..."

"గీత గీతే. కొంగు లోపలికి పోతాది, మడతలో. అది నా తలనొప్పి, నీకేంటికి? నెయ్యి."

ఆమె నేసింది. ఆమె చెప్పకముందే ఆయన తాడు చిటికెడు చిటికెడు వదులుతున్నాడు. తరువాత సావుకారు ఆమె వైపు చూడకుండా, పడుగునే చూస్తూ అన్నాడు: "దీని తర్వాత పడుగుకు ఏం రంగు కావల్లో ఆలోచించుకో."

అంతసేపూ ఒక్కసారి కూడా తప్పని ఆమె చేతిలోంచి నాడె జారి గుంతలో పడింది. నేను వంగి తీసిచ్చాను. ఆమె తల ఎత్తలేదు, చెంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ అందుకుంది.

మేస్త్రి రోలు పట్టుకుని లేచి, వీధిలోకి నడిచాడు. మరుక్షణం బయట నుంచి దగ్గు మొదలైంది. అది ఆగేలా లేదు. ఎదురింటివాళ్ళు తలుపులు తెరుస్తున్న చప్పుడు కూడా వినిపించింది.

సావుకారు తాడు బిగువు సడలకుండా నా వైపు తల తిప్పాడు. "ఆయనకు చెప్పు" అన్నాడు. "ఇప్పుడు ఎంత దగ్గినా ఏం పర్వాలేదని."